నా వంతు పిడికెడు మన్ను

నేను బి.ఏ. ప్యాసయ్యాను. ఏం రాద్దామని కూర్చున్నా నా కలం ముందు ఆ ముక్కే రాస్తుంది, ఏం చేయను? మా వంశంలో సంతకం పెట్టడం నేర్చిన మొదటి మనిషి మా నాయన. అదీ బాప్తిస్మం తీసుకున్నాక, పగలంతా జొన్నచేలో పనిచేసి, రాత్రిబడిలో లాంతరు ముందు కునికిపాట్లు పడుతూ. అట్లాంటాయన కొడుకు మద్రాసు పోయి పట్టా పుచ్చుకున్నాడంటే ఊరికే ఉంటుందా నోరు? రైల్లో పక్కన కూర్చున్న తమలపాకుల వ్యాపారికి చెప్పాను. నంద్యాలలో బస్సు డ్రైవరుకు చెప్పాను. కోయిలకుంట్లలో సోడాలమ్మే సాయిబుకు చెప్పాను. ఆయన నా గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుని, సోడాకు దుడ్లు తీసుకోలేదు.

అయితే మా ఊళ్ళో ఆ మాట అందరికంటే ముందు విన్న మనిషి, మా ఊరి లెక్కలో అప్పటికే చచ్చిపోయి ఉంది.

కోయిలకుంట్లలో బస్సు దిగితే మా ఊరికి నడకే. ఎండాకాలంలో మా రేగడి నేల నోళ్ళు తెరుస్తుంది. నెర్రెలోకి రాయి వదిలితే అది అడుగున తగిలిన చప్పుడు పైకి రాదు. మిట్టమధ్యాహ్నం వేళ. గాలి లేదు. మనిషి నీడ మనిషి కాళ్ళకిందికే దూరి దాక్కునే వేళ అది. చొక్కా జేబులో పత్రిక మడత, అందులో నా నంబరు. నడుస్తూ నడుస్తూ రెండుమూడుసార్లు తీసి చూసుకున్నాను, ఎండకు మాసిపోయిందేమోనని.

మా పేట మొదట్లోనే అవ్వ ఇల్లు. నాకు వరసకు ఏమీ కాదు, అందరికీ అవ్వే. మా పేటలో నా ఈడువాళ్ళందరికీ బొడ్డు కోసిన మంత్రసాని. నేను మద్రాసు బయలుదేరిన రోజు జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చి, చదువు అయిపోయినాక ఆ మాట ముందు తనకే చెప్పాలని ఒట్టు వేయించుకుంది.

ఆమె వాకిట్లో నాపరాయి మీద కూర్చుని ఉంది. ముఖం వీధివైపు లేదు, గోడవైపు ఉంది. అవ్వా అని పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. భుజాలు కొంచెం బిగుసుకున్నాయి, అంతే. చెవులు పోయాయేమో అనుకుని మూడోసారి గట్టిగా పిలిస్తే అప్పుడు మెల్లగా తిరిగింది. నా వైపు కాదు, నా వెనక ఎవరైనా ఉన్నారా అన్నట్టు చూసింది.

"ఎవుర్ని పిలుస్తాండావు నాయనా?"

"నిన్నేనవ్వా."

"నన్ను జూసే పిలుస్తాండావా?"

నేను ఆ మాట పట్టించుకోలేదు. ప్యాసైన సంగతి చెప్పాను. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. పత్రిక విప్పి నా నంబరు మీద ఆమె వేలు పెట్టించాను. చదువు రాని ఆ వేలు చాలాసేపు ఆ అంకెల మీదే ఉండిపోయింది, కడుపులో బిడ్డ కదులుతున్నదీ లేనిదీ చూస్తున్నట్టు. తర్వాత తలెత్తి, చాలా మామూలుగా, మజ్జిగ ఉందా అని అడిగినట్టు అడిగింది.

"నా నీడ ఉండాదా సూడు నాయనా. నాకు దగ్గరివి కండ్లకు ఆనవు."

ఆమె కాళ్ళ చుట్టూ చూశాను. నీడ లేదు. ఈ ఎండకు నాది కూడా లేదులే అవ్వా అన్నాను. నవ్వింది. ఎండిపోయిన బావిలోకి అరిస్తే తిరిగివచ్చే మాటలా ఉంది ఆ నవ్వు. నేను సంతోషంలో ఉన్నాను కాబట్టి అదీ పట్టించుకోలేదు. పేట మధ్యకు వచ్చాక గుర్తొచ్చింది: ఎండలో పడి వచ్చిన మనిషికి ఆమె నీళ్ళు తాగుతావా అని కూడా అడగలేదు. వాకిట్లో కడవ పెంకులు పడి ఉన్నాయి, ఎవరూ ఊడ్చలేదు.

చర్చి గంట కొట్టే మామ నన్ను ముందు చూశాడు. చూసినవాడు నా దగ్గరికి రాకుండా చర్చి వైపు పరుగెత్తి గంట తాడు అందుకున్నాడు. జనం చేరారు. ఎవరో కాగడామల్లెలు గుచ్చి తెచ్చారు. మామ తిరిగివచ్చి, చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా బియ్యే, మాతో తెలుగులో మాట్లాడుతావా, దుబాసిని పిలిపించల్లా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బి.ఏ. అంటే తాసీల్దారు పనా, దానికి గుర్రం ఇస్తారా, ఇంగ్లీషులో చదివిన చదువు తెలుగులో మర్చిపోతామా, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి అడుగుతున్నారు. అన్నిటికీ జవాబు చెబుతూ, వాళ్ళందరికంటే ముందు అవ్వకే చెప్పి వచ్చానని కూడా అన్నాను.

నా మెడలో దండ వేస్తున్న చేతులు గాలిలో ఆగిపోయాయి. నా మాట వినపడనట్టు అందరూ ఒకేసారి వేరే వైపు చూశారు, ఒకాయన ఈ ఏడు వాన ఎప్పుడు వస్తుందో అన్నాడు. మా అమ్మ గుంపులోంచి వెనక్కి జరిగి ఇంట్లోకి పోయింది. కడవతో వచ్చింది. ఒక్క మాట లేకుండా, వీధిలోనే, ఆ నీళ్ళన్నీ నా తల మీద కుమ్మరించింది. సమాధుల దొడ్డినుంచి తిరిగివచ్చిన వాళ్ళకు పోసేటట్టు. జేబులో నా నంబరు తడిసి ముద్దయింది.

ఇంట్లో కూర్చున్నాక నాయనను అడిగాను. ఆయన బీడీ ఒకటి కాల్చి పారేశాడు. ఆ తర్వాత చెప్పిందంతా నేల వైపు చూస్తూ చెప్పాడు.

పోయిన ఏడు వానలు లేవు. చర్చి బావిలో ఊట సన్నగిల్లింది. సంఘంలో లేనివాళ్ళెవరూ ఆ బావిలో చేద వేయకూడదని అయ్యగారు, అంటే మా పాస్టరు, చర్చిలో చెప్పాడు. సంఘపెద్దలు సరేనన్నారు. బాప్తిస్మం తీసుకోనివాళ్ళ ఇళ్ళు మా పేటకు ఆనుకునే ఉన్నాయి. అవ్వ తమ్ముడి సంసారం అక్కడే. అవ్వ రోజూ తన కడవ నింపుకుని, తిన్నగా తీసుకుపోయి వాళ్ళ తొట్టిలో పోసేది. వద్దన్నారు. పోసింది. పెద్దలు పిలిచి అడిగితే, బావిలో నీళ్ళకు బాప్తిస్మం ఇచ్చినారా అని తిరిగి అడిగింది. దానితో అయ్యగారికి కోపం వచ్చింది. తప్పు ఒప్పుకునేదాకా ఈమె మనకు చచ్చినదానితో సమానం అన్నాడు. మాట ఒక్కటే చాలదు, కంటికి కనబడే గుర్తు ఉండాలని, చర్చి పక్క చౌడు నేలలో ఒక గుంత తవ్వించాడు. సమాధి అంత కాదు. పందిట్లో గుంజ నాటేటంత వెడల్పు, భుజం దాకా చేయి పట్టేటంత లోతు. తాను ముందు ఒక పిడికెడు మన్ను వేశాడు. ఆయన వెనక పెద్దలు. వాళ్ళ వెనక ఆడా మగా, చంకబిడ్డలు కూడా. గుంత నిండి పైన చిన్న తిన్నె లేచింది.

అయ్యగారు చెప్పింది అంతవరకే. మిగిలింది మావాళ్ళు ఎవరూ చెప్పకుండానే చేశారు. మన్ను వేసిన చేతులతో ఊరుకోవడం వాళ్ళకు తెలియదు. చావుకు తాతలనాటి నుంచీ ఏమేం చేస్తారో అవన్నీ చేశారు. మామ గంటను ఆగి ఆగి కొట్టాడు. ఆమె వాకిట్లో ఆమె కడవే పగలగొట్టారు. వెనక్కి తిరిగి చూడకుండా ఇళ్ళకు వచ్చి తలకు పోసుకున్నారు. అప్పటినుంచీ ఆమె పిలిస్తే ఎవరూ పలకరు. చచ్చినవాళ్ళు పిలిస్తే పలకకూడదు కదా. బతికున్న మనిషే పిలిచినా, మూడుసార్లు పిలిచేదాకా పలకడం మానేశారు, చచ్చినవాళ్ళు మూడోసారి పిలవరంటారు, ఎందుకైనా మంచిదని.

"ఎవురు జేసినారు నాయనా ఈ పని?"

"అయ్యగారు సెప్పినారు, పెద్దలు ఒప్పుకొన్యారు."

"మీరు?"

"మేమేం జేసినాము. మన్ను ఏసినాము, అంతే."

పొయ్యి దగ్గరినుంచి అమ్మ గొంతు వచ్చింది. అందులో భయం లేదు, బిడ్డ సంగతి మరిచిపోలేదన్న గర్వం ఉంది. "నీ వంతు గూడా నేనే ఏసినాలే. నువ్వు మద్రాసులో ఉంటివి గదా. ఇంట్లో ఒక్కరు ఎయ్యకుంటే ఆ ఒక్కర్నే పట్టుకుంటాదంట."

ఆ రోజు నేను మద్రాసులో ఏం చేస్తున్నానో లెక్కవేసి చూసుకున్నాను. పరీక్ష రాస్తున్నాను. అక్కడ చల్లని హాల్లో కూర్చుని నా కుడిచేయి ఇంగ్లీషు రాస్తుంటే, ఇక్కడ ఇంకో కుడిచేయి నా పేరుతో, నా బొడ్డు కోసిన మనిషి మీద మన్ను వేసింది. నా అరచేయి చూసుకున్నాను. ఏమీ లేదు. సిరా మరక తప్ప.

సాయంత్రం వెలుగుండగానే చెంబుతో నీళ్ళు పట్టుకుని అవ్వ ఇంటికి పోయాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. బావి దగ్గర కూడా ఆమెను ఎవరూ వద్దనలేదట. ఆమె వస్తుంటే మాత్రం అక్కడున్నవాళ్ళు చేద, తాడు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తాడు లేని బావిలోకి చూసి ఆమె తిరిగి వచ్చేది. తమ్ముడి సంసారం కూలి వెతుక్కుంటూ రాజంపేట వైపు పోయింది. ఆమె రోజూ కుందూ ఏటి ఇసుకలో చెలమ తోడుకుని కుండతో తెచ్చుకుంటున్నది, అదీ నడవగలిగిన రోజు. చేతులు తాళ్ళల్లా అయిపోయాయి. ఇంకొన్ని వారాలు ఇట్లాగే ఎండ కాస్తే మావాళ్ళు నిజంగానే గుంత తవ్వాల్సి వచ్చేది.

చెంబు అందించబోతే అందుకోలేదు. "గడప అవతల పెట్టు నాయనా. మా అట్లాటి చచ్చినోళ్ళకు చేతికియ్యగూడదు" అంది. పరిహాసానికి అన్నదేమోనని ముఖం చూశాను. పరిహాసం కాదు. గడప అవతల పెట్టాను. నేను అక్కడున్నంతసేపూ ఆమె దాన్ని ముట్టలేదు. మర్నాడు పోతే చెంబు ఖాళీగా బోర్లించి ఉంది.

తప్పైందని చెబితే పోయేది కదా అవ్వా అన్నాను.

"సెప్పినా. ఆదివారం ఆదివారం గుడి వాకిట్లో నిలబడి సెప్పినా. మాట మీరినందుకు తప్పేనని సెప్పినా, నీళ్ళిచ్చినందుకు గాదని గూడా సెప్పినా. ఎవురికీ ఇనపల్యా."

మర్నాటినుంచి నన్ను ఇంటింటికీ భోజనానికి పిలిచారు. ఇట్లాంటి సంబరం నాకు మళ్ళీ దొరకదు: కొర్రన్నం, గోంగూర, ఒక ఇంట్లో నాకోసం కోడిని కూడా కోశారు. ప్రతి ఇంట్లో బి.ఏ. కథ మొదటినుంచీ చెప్పాను, ప్రతి ఇంట్లో చేయి కడుక్కునేటప్పుడు అవ్వ సంగతి అడిగాను. గంట మామ, తాను తాడు మాత్రమే లాగానని, మోగింది గంటేనని అన్నాడు. ఒకామె మన్ను వేసేటప్పుడు కళ్ళు మూసుకున్నానంది. ఒక పెద్దమనిషి, నలుగురూ సరే అన్న చోట తానొక్కడు కాదంటే మాత్రం ఆగేదా అన్నాడు. ఆ నలుగురినీ అడిగితే నలుగురూ అదే మాట అన్నారు. ఆమె తప్పు ఒప్పుకున్నది విన్నారా అని అడిగితే మాత్రం ఇల్లు చల్లబడిపోయేది. ఎవరు, ఏమిటి అనేవాళ్ళు. చివరికి మా అమ్మే చెప్పింది. విన్నారట. అందరూ విన్నారట. "ఇన్యానని సెప్తే, చచ్చినోళ్ళకు బదులు పలికినట్టు గదరా."

అయ్యగారి దగ్గరికీ పోయాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మంచివాడు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నాకు మద్రాసులో సీటు కోసం మిషన్ దొరగారికి సిఫారసు చేసింది ఆయనే. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, తన కుర్చీ నాకు వేశాడు. ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన నాకోసమేనని, ఆ రోజు నేను సాక్ష్యం చెప్పాలని అన్నాడు. అవ్వ మాట ఎత్తగానే కుర్చీ పక్కనే నిలబడిపోయాడు.

"నేను వెయ్యమన్నది ఒక్క పిడికెడు, అబ్బాయీ. నేను వేసిందీ ఒక్క పిడికెడే. కడవ పగలగొట్టమన్నానా? చేద తీసుకుపొమ్మన్నానా? అదంతా సంఘం చేసింది."

వాళ్ళు మీరు చేశారంటున్నారని చెప్పాను. ఆమె ఒప్పుకుంటే ఎత్తేసేవాణ్ణి, ఒప్పుకున్నట్టు విన్నామని సంఘంలో ఒక్కరూ రాలేదు కదా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నన్ను కాదు గోడను అడుగుతున్నట్టు, పాట పాడేటప్పుడు నువ్వెప్పుడైనా గొంతులు లెక్కపెట్టావా అన్నాడు. మనుషుల కంటే ఒక గొంతు ఎక్కువ వస్తోందని, ఆయన ఒకసారి మధ్యలో చేయెత్తి పాట ఆపితే, ఆ ఒక్కటీ ఆగలేదని చెప్పాడు.

ఆదివారం వచ్చింది. కొత్త చొక్కా, మా నాయన తలకు కొత్త రుమాలు. చర్చి నిండిపోయింది, ఒక్క చోటు తప్ప. ఆడవాళ్ళ వైపు కిటికీ కింద ఒక మనిషి కూర్చునేంత చాప ఖాళీగా ఉంది. ఆ చుట్టూ బిడ్డల తల్లులు ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారే గానీ, ఎవరూ అటు జరగలేదు. పాట మొదలైంది. మొదటి చరణం అయిపోకముందే నాకూ వినిపించింది. గోడ బయటినుంచి, ఒక అర మాట వెనకపడి, సన్నగా. జనం గొంతు పెంచారు. అదీ పెరిగింది. అది అవ్వేనని, వెనక గోడ నీడలో కూర్చుని పాడుతున్నదని నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసినా నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె చచ్చిపోయిందని అబద్ధం ఆడుతున్న మనుషులు కాదు వాళ్ళు. నిజంగా భయపడుతున్నారు. తాము వేసిన మన్నుకు తామే భయపడుతున్నారు.

సాక్ష్యానికి నన్ను పిలిచారు. రైలు దగ్గరినుంచీ మొదలుపెట్టాను, నాకు అదే ఇష్టం కదా. ప్యాసైన చోటుకు వచ్చేసరికి అందరి ముఖాలూ వెలిగాయి. మా నాయన రుమాలు సర్దుకున్నాడు. అప్పుడు చెప్పాను. ఈ ఏడు నాకు పట్టా ఒక్కటే కాదు, ఇంకొకటి కూడా వచ్చింది, నేను లేనప్పుడు నా పేరున ఒక పిడికెడు వేశారు, వేసిన చేయి ఎవరిదైనా పిడికెడు నాది, దాన్ని నేను తీసుకుంటాను అన్నాను. అయ్యగారిని ఏమీ అనలేదు. పెద్దలను ఏమీ అనలేదు. వాళ్ళ మన్ను సంగతి నాకు ఎట్లా తెలుస్తుంది? మెట్లు దిగి బయటికి పోయాను. ఎవరూ కదల్లేదు, ఎవరూ ఆపలేదు.

చౌడు నేల ఎండకు తెల్లగా మెరుస్తోంది. గడ్డి కూడా మొలవని చోటు. ఆ చిన్న తిన్నె నడినెత్తిన పగిలి, కొంచెం కుంగింది. లోపల ఏమీ లేనప్పుడు మన్ను కుంగుతుంది కాబోలు. వంగి పిడికెడు తీశాను. పైన చేయి కాలింది. పిడికిట్లోకి వచ్చాక మాత్రం చల్లగా ఉంది. నిలబడ్డాక తెలిసింది, దీన్ని ఎక్కడ వేయాలో నాకు తెలియదని. చేలో వేయలేను, ఇంటికి తీసుకుపోలేను, దారిలో పారవేయలేను. చర్చి తలుపుల నిండా ముఖాలు. ఆ పిడికిలితోనే వెనక గోడ దగ్గరికి పోయి అవ్వను పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఆమె ముఖం చూస్తే అర్థమైంది, ఆమెకూ భయమే, పిలిచేది మనిషో కాదోనని. మూడోసారికి పలికింది. మన్ను చూపించి ఎక్కడ పెట్టాలని అడిగాను.

ఆమె వేళ్ళతో నలిపి చూసింది. "చౌడు. నా మిద్దె కురుస్తాది. వానలకు ముందు పైన ఎయ్యల్లనుకొంటాండా."

మా వైపు మిద్దెలకు చౌడుమన్నే పై పొర, అది ఉంటే వాన దిగదు. నేను ఆమెను ఇంకోటి అడిగాను, చర్చి వాకిట్లో చెప్పిన మాట మళ్ళీ ఒకసారి చెప్పమని. మళ్ళీ చెప్పాలా అంది. నా చేత బియ్యే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నావు కదా అన్నాను. చెప్పింది, మాట మీరినందుకు, నీళ్ళిచ్చినందుకు కాదు అని. విన్నాను అవ్వా అని, తలుపుల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు అన్నాను. తర్వాత నిచ్చెన వేసుకుని ఆమె మిద్దె ఎక్కి పిడికిలి విప్పాను. కృతజ్ఞతా ప్రార్థనకు వండిన అన్నం ఆ రోజు శానామంది తినలేదని విన్నాను. నేను తిన్నాను, ఆకలేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, మా అమ్మ కొంగు తలమీదుగా లాక్కుని చౌడు వైపు పోతుంటే చూశాను. ఎక్కడికని అడగలేదు. పిడికిలి మూసుకుని తిరిగివచ్చి అవ్వ నిచ్చెన ఎక్కింది. దిగివచ్చి తలకు పోసుకోలేదు. సాయంత్రం కడవ నీళ్ళు పంపింది. ఆ తర్వాత ఒక్కొక్కరే. ఎప్పుడూ ఆ వేళకే, నీడలు లేని వేళకు, ఎవరికి వాళ్ళే. దారిలో ఎదురైతే ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కాదు. గుంపుగా వేసిన మన్నును, తీసేటప్పుడు ఎవరిది వాళ్ళే మోసుకున్నారు. మేం రామని మొండికేసిన పెద్దలు ఇద్దరున్నారు. వాళ్ళ వంతు వాళ్ళ ఆడవాళ్ళు తీశారు, మా అమ్మ నాకు వేసినట్టే. బావి దగ్గర చేద, తాడు రోజంతా ఉండటం మొదలైంది. అవ్వ నడుముకు కాస్త బలం వచ్చి, తానే మిద్దె ఎక్కి, వచ్చిన మన్నును తట్టి చదును చేసుకునేది.

"ఇప్పుడు నిజంగానే మన్ను కింద పండుకుంటాండా నాయనా" అని నవ్వింది. అది మామూలు నవ్వే.

తిన్నె పోయి గుంత బయటపడింది. ముందు వచ్చినవాళ్ళకు పైనుంచి తీసుకుంటే సరిపోయేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చేయి లోపలికి పెట్టాల్సి వచ్చింది. మోచేతిదాకా, ఇంకా లోపలికి. గంట మామ వచ్చేసరికి భుజం దగ్గరపడింది. లోపల ఎవరో తన వేలు పట్టుకుని వదిలారని మామ చెప్పాడు. చౌడు నేలలో వేర్లు కూడా ఉండవు. దానికి నేను నవ్వాను గానీ, నా బి.ఏ.లో దానికి జవాబు లేదు.

ఒక మధ్యాహ్నం నాకు తట్టింది, మద్రాసులో ఏ పుస్తకమూ చెప్పని సంగతి. అయ్యగారు అందరికంటే ముందు వేశాడు. కాబట్టి ఆయనది అందరికంటే అడుగున ఉంది. మేమంతా మావి తీసేదాకా ఆయనది కంటికి కనబడదు. ఇన్నాళ్ళూ ఆయన పిడికెడును కప్పి కాపాడింది మా పిడికెళ్ళే. మా నాయనతో ఈ మాట చెబితే, అయితే ఇప్పుడు ఆయనొక్కడే మిగిలినాడు పాపం అన్నాడు.

నేను కడపలో బడిపంతులు పనికి బయలుదేరే ముందురోజు, చర్చి పక్కగా పోతుంటే, చౌడు మీద తెల్లగా ఏదో పడి ఉంది. మనిషి. అయ్యగారు. బోర్లా పడుకుని ఉన్నాడు, చెంప నేలకు ఆనించి, కుడిచేయి భుజం దాకా భూమిలో. లోపలినుంచి ఎవరో లాగుతుంటే పోకుండా ఆనుకున్న మనిషిలా ఉన్నాడు. కదలడం లేదు. అయ్యగారూ అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మూడోసారికి కళ్ళు తెరిచాడు.

"అందడం లేదు" అన్నాడు.

నా చేయి పొడుగు, నేను తీసి ఇవ్వనా అని అడిగాను. వద్దని తల అడ్డంగా ఆడించాడు, చెంప నేల మీంచి ఎత్తకుండానే.

పేట మొదట్లో, మిద్దె మీద, మన్ను తడుతున్న చప్పుడు ఆగింది. అవ్వ అక్కడినుంచి చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో. చీర చెంగుతో నుదురు తుడుచుకుని, నాకు వినపడేటట్టు పిలిచింది. మొదటి పిలుపుకే పలికాను.

"బావిలో కాసిని నీళ్ళు తోడి ఆయనకియ్యి నాయనా. శానాసేపట్నించి ఎండలో ఉండాడు."

చెంబుతో తెచ్చి ఆయన ముఖం దగ్గర వంగాను. గడప లేదు కాబట్టి చేతికే ఇచ్చాను. ఆయన కొంచెం తలెత్తి, ఎడమచేత్తో చెంబు అందుకుని తాగాడు. కుడిచేయి ఇంకా మన్నులోనే ఉంది.